ఫోన్ల సంచి

బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం స్వప్న చేతికి అలవాటు. చెయ్యి తనంతట తానే ఆ పని చేసేస్తుంది, మనసును అడగదు. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళందరి చేతులూ అంతే. పొద్దున ఒక పిడికెడు, మాపటికి ఒక పిడికెడు. ఇంట్లో వాళ్ళకు చాలినా చాలకపోయినా దేవుని పిడికెడు దేవునికే. నెలకోసారి ఆదివారం ఆరాధనలో ఆ డబ్బాలన్నీ తెచ్చి, ముందర పరిచిన దుప్పటి మీద కుమ్మరిస్తారు. ఆ బియ్యం అమ్మగా పోగైన పైసలతోనే సంఘంలోని వయసు పిల్లల బృందం విమానమెక్కి, దేశం కాని దేశానికి సువార్త చెప్పడానికి పోతుంది. "ఈ పిడికెడు బియ్యమే మన విమానం!" అని స్టేజీ మీద నుంచి వినయ్ అంటే అందరూ చప్పట్లు కొడతారు. సొమ్మొకరిది సోకొకరిది అని స్వప్నకు ఎన్నడూ అనిపించలేదని కాదు. అనిపించినప్పుడల్లా క్షమించమని ప్రార్థన చేసుకునేది.

ఈ ఏడు మళ్ళీ ఆఫ్రికాలోని మలావీ పోతున్నారు. కోదాడ గుడి వెనక రేకుల షెడ్డులో బృందానికి శిక్షణ జరుగుతోంది. లీడర్ వినయ్, లీడర్ భార్య స్వప్న. కాబట్టి వంట స్వప్నది. ఎవరూ అప్పజెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. "నీకు వండే వరమున్నది స్వప్నా. కొందరికి వాక్యం చెప్పే వరముంటది, కొందరికి ఇది" అంటాడు వినయ్. వరాలు పంచిన రోజున మగవాళ్ళ చేతికి మైకులు, ఆడవాళ్ళ చేతికి గరిటెలు వచ్చాయి, ఏం చేస్తాం. ఆ పొద్దున అత్తగారు భద్రమ్మ ఒక పాత తెరగుడ్డ తెచ్చి స్వప్న ఒళ్ళో పడేసింది. "ఫోన్ల సంచి కుట్టు. పోయినేటిది చినిగింది. ఎట్లైనా పొయ్యి కాడ ఊకెనే కూసుంటవు గద" అంది. ఇంతమందికి వంట చేస్తూ కూర్చోవడం ఊరికే కూర్చోవడమెట్లా అవుతుందో ఆమెనే అడగాలి.

ఫోన్ల సంచి వాళ్ళ సంఘంలో పాత ఆచారం. బృందాన్ని పంపే ఆదివారం నాడు, పోయే పిల్లలంతా తమ ఫోన్లు ఆ సంచిలో వేసి లీడర్‌కు అప్పగించాలి. అక్కడున్నన్నాళ్ళూ ఇంటి కబురు ఏదైనా లీడర్ చెవిలో పడ్డాకే పిల్లల చెవిలో పడాలి. నాగలి పట్టినవాడు వెనక్కి చూడకూడదని వాక్యం కదా, అందుకని.

ఉల్లిగడ్డలు కోస్తానని అశ్విని వచ్చి పక్కన కూర్చుంది. మునగాల పిల్ల, మొన్ననే డిగ్రీ అయింది. పాట ఎత్తుకుందంటే గుడి మొత్తం చెవులప్పగిస్తుంది. తల్లి ఉమారాణి హైవే మీద దాబాలో రొట్టెలు చేసేది. కిడ్నీలు చెడిపోయి ఇప్పుడు వారానికి రెండుసార్లు సూర్యాపేట దవాఖానలో డయాలసిస్‌కు పోతోంది.

"అక్కా, ఫోన్ నిజంగనే ఇయ్యాల్నా?"

"ఇయ్యాలె బిడ్డా. అందరం ఇచ్చినోళ్ళమే."

"అమ్మనే పొమ్మన్నది. నువ్వీడుంటె నా కిడ్నీలు మంచిగైతయా, పో, అన్నది. గని రోజుకొక్కపారి మాట్లాడమన్నది." పిల్ల కత్తి ఆపింది. "అమ్మకు ఏమన్న అయితే వినయన్న చెప్తడు గద అక్కా?"

స్వప్న చేతిలో సూది ఆగింది. "ఎసరు మరుగుతున్నదా సూడు" అంది.

పన్నెండేళ్ళ కింద ఆమె కూడా ఇట్లాగే ఫోన్ ఇచ్చింది. అప్పటికి పెళ్ళి కాలేదు. మిర్యాలగూడలో ఇల్లు. నాయిన లచ్చయ్య మిల్లులో హమాలి, అమ్మ సుగుణమ్మ అదే మిల్లులో ఊడ్చేది, చెరిగేది. పగలంతా బియ్యం రాశుల మధ్య ఉండి వచ్చి, ఇంట్లో కొలిచి వండుకునే బియ్యంలోంచి కూడా పిడికెడు తీసేది. "నా పిడికిలి చిన్నది బిడ్డా, దేవుడే పెద్దగ లెక్కవెట్టుకుంటడు" అని నవ్వేది. కూతురు సముద్రం దాటి, మైకు పట్టుకొని దేవుని మాట చెబుతుందని ఆమె ఆశ. తీరా మలావీ పోయాక మగపిల్లలు గిటార్లు భుజాన వేసుకొని ఊళ్ళ మీదికి పోయేవాళ్ళు. ఆడపిల్లలు ఇద్దరికీ కట్టెలు, నీళ్ళు, మక్కపిండి సంకటి. అప్పుడూ వినయే లీడర్. నెలకోసారి ఇంటికి మాట్లాడనిచ్చేవాడు, పక్కనే నిలబడి. చివరి నెలల్లో ఎప్పుడు చేసినా నాయినే ఎత్తేవాడు. "అమ్మ మిల్లుకు పోయింది బిడ్డా" అనేవాడు. ఆదివారం మిల్లేంది నాయినా అని అడిగేలోపు ఫోన్ పెట్టేసేవాడు.

తిరిగొచ్చిన రోజు మిర్యాలగూడ స్టేషన్‌లో బ్యాండు పెట్టారు. దండలు వేశారు. నాయిన అందరి వెనకాల నిలబడ్డాడు, తల ఎత్తలేదు. అమ్మేదని అడిగితే ముందు గుడికి నడవమన్నారు. స్టేజీ ఎక్కించి, అక్కడ దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. స్వప్న చెప్పింది. చెప్పి చెప్పి, చివర్లో ఆడవాళ్ళు కూర్చున్న వైపు తిరిగి, "మా అమ్మ పిడికెడు బియ్యంతోనే నేను సముద్రం దాటిన. అమ్మా, లేసి నిలవడు. అందరు నిన్ను సూడాలె" అని మైకులో పిలిచింది. ఎవరూ లేవలేదు. ఒక్కొక్కరే కొంగు నోట్లో కుక్కుకున్నారు. అప్పుడు పాస్టర్ గారు మైకు అందుకొని, సుగుణమ్మ ప్రభువు దగ్గరికి పోయి చాలా రోజులైందనీ, సిస్టర్ స్వప్న పని చెడిపోవద్దని చెప్పలేదనీ చెప్పాడు. ఎవరో హల్లెలూయ అన్నారు. స్వప్న ఏడవలేదు. ఏడుపు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

ఆ ఏడవకపోవడమే ఆమెకు సంబంధం తెచ్చింది. "తల్లి వోయిందంటె కంట నీరు వెట్టలే. ఇసొంటి విశ్వాసమున్న పిల్లే నా కొడుక్కు కావాలె" అని భద్రమ్మ ఇంటికొచ్చి మరీ అడిగింది. మనిషి బిగుసుకుపోతే దాన్ని విశ్వాసం అంటారని స్వప్నకు ఆ రోజే తెలిసింది. "జ్వరమొచ్చింది బిడ్డా, నిద్రలనే వోయింది. నిన్ను యాది చేసేటంత టైమ్ గూడ లేకపాయె" అన్నాడు నాయిన. ఆ మాటనే పట్టుకొని ఆమె ఇన్నేళ్ళు బతికింది. కనీసం అమ్మ తన కోసం ఎదురుచూడలేదు కదా అనుకునేది. నాయిన కూడా పోయి ఐదేళ్ళు దాటింది. ఏటేటా పంపే ఆదివారం నాడు వినయ్ ఈ కథ చెబుతాడు. కాకపోతే ఆయన కథలో స్వప్నకు తల్లి చావు కబురు ముందే తెలుసు, తెలిసినా పని వదలలేదు. "నాకు తెల్వదు గదండి" అని ఒకసారి గుర్తు చేసింది. "సాక్ష్యమన్నంక జర బలంగ ఉండాలె" అన్నాడాయన. ఆ తర్వాత రెండు ముక్కలు చెప్పమని ఆమెను లేపుతాడు. "దేవుడు నన్ను బలపరిచిండు" అని చెప్పి ఆమె కూర్చుంటుంది.

చాయ్ కాగింది. స్వప్న పళ్ళెంలో గ్లాసులు పెట్టుకొని షెడ్డు వైపు నడిచింది. లోపల వినయ్ క్లాసు చెబుతున్నాడు. స్టేజీ మీది వినయ్ తీపిగా మాట్లాడతాడు, క్లాసులో వినయ్ కొంచెం కరుకు.

"ఫోన్ నా దగ్గరెందుకు వెట్టుకుంట అనుకుంటున్నరు? మా స్వప్న వాళ్ళమ్మ సూర్యాపేట దవాఖానల ఉన్నప్పుడు దినాం ఫోన్ చేపిచ్చింది. 'ఒక్కపారి నా బిడ్డ గొంతు ఇనిపియ్యి కొడుకా' అని నన్ను అడుక్కున్నది. నా మనసు కరగలేదా? కరిగింది. అయినా ఇయ్యలే. సిస్టర్ పనిల ఉన్నది అని చెప్పిన. లీడరంటే అట్లుండాలె."

పిల్లలు రాసుకుంటున్నారు. అశ్విని ఒక్కతే తలెత్తి, వాకిట్లో పళ్ళెం పట్టుకొని నిలబడ్డ స్వప్నను చూసింది. వినయ్ చూడలేదు. స్వప్న పళ్ళేన్ని గడప పక్కన కింద పెట్టి వెనక్కి నడిచింది. పొయ్యి దగ్గరికి వచ్చి గోనెసంచి మీద కూర్చుంది. అమ్మ అడిగింది. నిద్రలో పోలేదు. దవాఖాన మంచం మీద పడుకొని, ఎవరి కొడుకునో కొడుకా అని పిలిచి, తన బిడ్డ గొంతు కోసం దినాం అడుక్కుంది. మలావీలో ఆ రోజుల్లోనే పక్కింటి ముసలామె పోయింది. ఆ ఊరి ఆడవాళ్ళతో కలిసి స్వప్న నీళ్ళు మోసింది, వచ్చినవాళ్ళకు వండింది, వాళ్ళతో పాటు గుండెలవిసేలా ఏడ్చింది. ఎవరి తల్లో, ఎందుకంత ఏడుపు వచ్చిందో అప్పుడు తెలియలేదు. వినయ్ ఆ రోజు ఏడుస్తున్న తన వైపు చూసి చప్పున తల తిప్పుకోవడం మాత్రం గుర్తుంది.

మధ్యాహ్నం ఇంట్లో ఆయనకు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మా అమ్మ ఫోన్ చేసిందా?"

"ఎప్పుడు?"

"మలావీల ఉన్నప్పుడు."

వినయ్ అన్నం కలపడం ఆపలేదు. "ఇప్పుడెందుకు స్వప్నా అయ్యన్ని? పన్నెండేండ్లాయె."

"చేసిందా?"

"చేసింది. చేస్తే?"

"నాకెందుకియ్యలే?"

"ఇస్తె నువ్వుంటుంటివా ఆడ? ఏడ్సి గోల జేసి ఇంటికొస్తుంటివి. నువ్వొస్తె టీం మొత్తానికి వండెటోళ్ళెవరు? ఆ రెండో పిల్లకు పొయ్యి ముట్టియ్యనే రాకపాయె." ఒక ముద్ద తిని, "పచ్చడి ఉన్నదా?" అన్నాడు.

స్వప్న పచ్చడి వేసింది. వేసినందుకు తర్వాత తనను తాను చాలా తిట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆమె మనసులో ఒక తక్కెడ ఉండేది. ఒక పక్క అమ్మ, రెండో పక్క దేవుని పని, దూరదేశపు ఆత్మలు, పెద్ద పెద్ద మాటలు. అమ్మ తేలిపోయిందంటే అవతలి పక్క ఏదో అంత బరువున్నదే ఉండి ఉంటుందనుకుంది. తీరా చూస్తే అక్కడున్నది సంకటి కుండ. అమ్మ చివరి కోరిక కంటే వినయ్‌కు పూటపూటా వేళకు తిండి బరువైంది. దేవుడి మీద ఆమెకు కోపం రాలేదు. పాపం దేవుడు ఎన్నడూ ఫోన్ తీసుకోలేదు, వంట చేయమనీ అడగలేదు. వాటన్నిటికీ ఆయన పేరు వాడుకున్నవాళ్ళు వేరే.

పంపే ఆదివారం వచ్చింది. ఆ పొద్దున బియ్యం కడగబోతూ స్వప్న చెయ్యి అలవాటుగా డబ్బా దాకా పోయింది. ఆ పిడికెడు మళ్ళీ గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది. అది అమ్మ డబ్బా. పెళ్ళయినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అదొక్కటే.

గుడి నిండిపోయింది. దుప్పటి మీద బియ్యం కుప్ప పెరిగింది. ఉమారాణి కూడా వచ్చింది. కింద కూర్చోలేక ఆడవాళ్ళ వైపు గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన చేతిని కొంగు కింద దాచుకొని, బిడ్డ వైపు చూసి నవ్వుతోంది. వినయ్ మైకులో కథ చెప్పాడు. తల్లి చావు కబురు తెలిసినా పని వదలని సిస్టర్ కథ. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. పోయే పిల్లలు ముందుకొచ్చి వరసగా నిలబడ్డారు.

"మా స్వప్న సంచి తీసుకొని వస్తది. అందరు ఫోన్లేసి, ఇగ ఎనకకు సూడమని దేవునికి మాటియ్యాలె" అన్నాడు.

స్వప్న కొంగు తల మీదికి లాక్కొని లేచింది. కొత్త సంచి, గట్టి కుట్టు. తన చేత్తో కుట్టిందే. వరసలో మొదట అశ్విని ఉంది. పిల్ల ఒకసారి గోడ వైపు చూసి, ఫోన్ పట్టుకున్న చెయ్యి చాపింది.

స్వప్న సంచి నాడా లాగి మూతి బిగించింది.

"నీది నీ కాడనే ఉంచుకో. మీ అమ్మ ఫోన్ చేస్తె నువ్వే ఎత్తు బిడ్డా."

అశ్వినికి అర్థమైంది. ఫోన్‌ను గుండెకు హత్తుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. వరసలో మిగతా పిల్లలు చాపిన చేతులు వెనక్కి తీసుకున్నారు. ముందు వరసలోంచి భద్రమ్మ, "ఏందే స్వప్నా, ఏం పాడువడ్డదే నీకు?" అంటూ లేవబోయింది. పక్కనున్న ముసలమ్మ ఎవరో ఆమె చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"స్వప్నా, టైమైతున్నది. సంచి ఇటు తే" అన్నాడు వినయ్. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు సగంలో ఆగింది.

స్వప్న స్టేజీ మెట్లెక్కింది. ఖాళీ సంచిని ఆయన చేతిలో పెట్టింది. వినయ్ మైకును అరచేత్తో మూసి, "ఇంటికి పోయి మాట్లాడుకుందాం. ముందు ఎప్పటి తీరు రెండు ముక్కలు చెప్పి కూసో" అన్నాడు.

ఆమె మైకు అందుకోలేదు. దాని అవసరం లేనంత నిశ్శబ్దంగా ఉంది గుడి. స్వప్న ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి, మొగుడి వైపు తిరిగి చెప్పింది.

"మా అమ్మ పిలిచింది నన్ను. ఎత్తింది మీరు."