పెరట్లో రెండు కొళాయిలు

గౌరి సంచిలో మొదట మందులు పెట్టింది. వాటి మీద నాలుగు చీరలు, స్వెట్టరు, మోకాళ్లకు చుట్టుకునే ఉన్ని గుడ్డలు. జిప్పు మాత్రం ఆమె వేళ్లకు లొంగలేదు. కణుపులు ఉబ్బి వేళ్లు పక్కకు తిరిగిపోయి నాలుగేళ్లయింది. నారాయణమ్మ గుమ్మం దగ్గర కూర్చుని అంతా చూస్తూనే ఉంది గానీ లేవలేదు. ఆ జిప్పు తాను వేస్తే తానే సాగనంపినట్టు అవుతుందని ఆమె భయం.

"నెల రోజులకు ఇన్ని చీరలా?" అంది చివరికి.

"నెలేంది వదినా, శివరాత్రి దాకా. ఈ చలి పోనీ."

గౌరి నారాయణమ్మకు ఆడబిడ్డ, భర్తకు చెల్లెలు. మొగుడు పోయిన ఏడాదికే ఒడిలో పిల్లతో ధర్మవరం వచ్చి అన్న ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పిల్ల వీణ ఇప్పుడు హిందూపురంలో కాపురం చేసుకుంటోంది. అన్న పుల్లయ్య కూడా పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఇంట్లో వీళ్లిద్దరే. మగ్గాల వాళ్లు తెచ్చిచ్చే ముడిపట్టును పెరట్లో సబ్బునీళ్లలో ఉడికించి, గోరువెచ్చని నీళ్లలో జాడించి, ఆరబెట్టి ఇస్తారు. ఒకరు ఉడికిస్తే ఒకరు జాడిస్తారు. ఒకరు తిడితే ఒకరు వింటారు.

వీణ ఇంటికి ఈ ప్రయాణానికంతా కారణం గీజరు. రెండేళ్ల కిందట గౌరి కీళ్ల కోసమే కొన్నారు. పొయ్యి మీద కాచిన నీళ్లు దించి మోయడానికి ఇద్దరికీ సత్తువ లేదు. దీపావళి దాకా బాగానే పనిచేసింది. ఆ తర్వాత ఎంతసేపు వేసి ఉంచినా నీళ్లు వెచ్చబడ్డట్టే ఉండి వీపు మీద పడేసరికి చల్లగా తగిలేవి. "నీకు ఓపిక లేదు, కాగకముందే ఆపేస్తాండావు" అని నారాయణమ్మ ఆరు వారాలుగా గౌరినే సాధించింది. మార్గశిర మాసం చలి దిగేసరికి గౌరి పొద్దున్నే చెంబు కూడా పట్టుకోలేని స్థితికి వచ్చింది.

"ఈ పొద్దు మారుతి వస్తానన్నాడు గదా," అంది గౌరి, జిప్పును పళ్లతో లాగి. "ఉడుకునీళ్లు పడినాయంటే ఈ సంచి నేనే విప్పుతా. పడలేదంటే ఒంటిగంట బస్సు. నా మీద కోపం పెట్టుకోవద్దు."

నారాయణమ్మకు ఆ మాట చాలు. మారుతికి మూడోసారి ఫోన్ చేసింది.

మారుతి పది గంటలకు వచ్చాడు. నలభై దాటిన మనిషి. పెనుకొండ పక్క పల్లె. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద కరెంటు పని చేసి, అది అయిపోయాక ధర్మవరంలో గీజర్లు, మోటార్లు బాగుచేసుకుంటున్నాడు.

"ఎర్ర బల్బు వెలుగుతుండాది గదా పెద్దమ్మా. కరెంటు వస్తాంది," అన్నాడు గీజరు వైపు చూస్తూ.

"బల్బు వెలిగితే వెచ్చబడతామా నాయనా. ముందు మెయిన్ ఆపు. చెయ్యి పెట్టొద్దు, మెయిన్ ఆపినాక పెట్టు."

"స్విచ్చి ఆపినా లే."

"స్విచ్చి కాదప్పా, మెయిన్."

"ఆమె మెయిన్ ఆపందే మా ఇంట్లో బల్బు కూడా మార్చరు," అంది గౌరి మంచం మీద నుంచి. "నువ్వు ఆపు, లేకుంటే తెల్లారుతుంది."

మారుతి మెయిన్ ఆపి, నీళ్లన్నీ వదిలేసి, గీజరు అడుగు మూత విప్పాడు. లోపలి కడ్డీ మీద సున్నం పెచ్చులు కట్టి ఉంది. గోడకు వేసిన సున్నంలా తెల్లగా, వేలు మందాన. బోరునీళ్ల పుణ్యం అది. నారాయణమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "ఇదే. ఇదేలే. చూడు గౌరీ, ఎంత సున్నం పట్టిందో."

మారుతి సున్నమంతా గోకి, కడ్డీకి మీటరు పెట్టి చూసి, బాగుందని తిరిగి బిగించాడు. నీళ్లు నింపి స్విచ్చి వేశాడు. అరగంటకు ఎర్ర బల్బు ఆరిపోయింది. కాగడం అయిపోయిందని దాని అర్థం. నారాయణమ్మే ముందుకు వెళ్లి కొళాయి తిప్పింది. చేతి మీద పడ్డ నీళ్లు మళ్లీ అదే వెచ్చదనం, వెంటనే అదే చల్లదనం.

గోడగడియారంలో పదకొండున్నర అయింది.

నారాయణమ్మ గుండెలో ఇంకో గడియారం కూడా తిరుగుతోంది. బుధవారం రాహుకాలం పన్నెండుకు మొదలై ఒకటిన్నర దాకా ఉంటుంది. ఒంటిగంట బస్సంటే నట్టనడి రాహుకాలంలో బయలుదేరడమే. దానికి వాళ్ల ఇంట్లో మొదటి నుంచీ ఒక దారి ఉంది. చెడు గడియ రాకముందే సంచిని గడప దాటించి ఎదురింట్లో పెడితే, మనిషి కూడా అప్పుడే బయలుదేరినట్టు లెక్క. తర్వాత ఎప్పుడు బస్సెక్కినా దోషం లేదు.

ఆమె లేచి గౌరి సంచి ఎత్తుకుంది.

"ఏం చేస్తాండావు వదినా?"

"ఈరన్న వాళ్ల తిన్నె మీద పెట్టి వస్తా. పన్నెండు కాకముందే."

"నీళ్లు పడితే పోనంటి గదా. అంత తొందరేమి, నన్ను తోలేసేదానికి?"

"పడకుంటే? అప్పుడు రాహుకాలంలో పంపమంటావా?"

గౌరి నవ్వింది. నారాయణమ్మ వీధి దాటి ఎదురింటి ఈరన్న తిన్నె మీద సంచి పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చింది. సంచి బరువుకు భుజం లాగేసింది. పన్నెండుకు ఇంకా పది నిమిషాలు ఉంది. ఒక భయమైనా తీరిందని ఆమెకు ఊపిరి ఆడింది.

తిరిగి వచ్చేసరికి మారుతి స్నానాల గదిలో తల గోక్కుంటూ నిలబడి ఉన్నాడు.

"పెద్దమ్మా, ఒక వింత చూడు. గీజరుకు నీళ్లు వచ్చే పైపు మూసేసినా. లోపలికి నీళ్లు పోకుంటే వేడి కొళాయిలో చుక్క రాకూడదు. ఈడ చూస్తే ధారగా వస్తాంది. ఇవి గీజరు నీళ్లు కావు. యాడనో చన్నీళ్లు వేడి పైపులోకి చొరబడతాండాయి. ఇంకేడన్నా వేడి, చల్ల రెండూ కలిసే కొళాయి ఉండాదా?"

నారాయణమ్మ పెరటి వైపు చెయ్యి చూపించింది.

పెరట్లో పట్టు జాడించే తొట్టి పక్కన రెండు కొళాయిలు ఉన్నాయి, ఒకటి వేడిది, ఒకటి చల్లది. రెండూ కలిసి ఒకే ఆకుపచ్చ ట్యూబులోకి పోతాయి. ట్యూబు చివర చిన్న పిడి. ఆ పిడిని అరచేత్తో నెడితే చాలు, తొట్టిలోకి నీళ్లు వస్తాయి. మారుతి వంగి చూశాడు. రెండు కొళాయిలూ సగం సగం తిప్పి ఉన్నాయి. ఎవరూ కదిలించకుండా వాటిని ఎర్ర పట్టు దారంతో, మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడితో కట్టి ఉంచారు.

"ఇది ఎవరు కట్టినారు?"

"నేనే," అంది నారాయణమ్మ.

దీపావళి మరుసటి రోజు కట్టింది. గౌరి వేళ్లు కొళాయి తిప్పలేకపోతున్నాయని, నీళ్లు మరీ వేడైతే పట్టు పాడవుతుందని, తానే రోజంతా కొలిచి చూసి, సరిగ్గా గోరువెచ్చగా వచ్చే చోట రెండింటినీ ఆపి దారం కట్టింది. ట్యూబు చివర పిడి కూడా అందుకే పెట్టించింది. చివర పిడి మూసి ఉంటే నీళ్లు ఎక్కడికీ పోవు కదా అనుకుంది.

"అదే వచ్చింది చిక్కు," అన్నాడు మారుతి. "చివర మూసి ఉండాది, ఈడ రెండూ తెరిచి ఉండాయి. పైనున్న ట్యాంకులో చన్నీళ్లు ఈ పక్క నుంచి దిగి, ఆ పక్క వేడి పైపులోకి ఎక్కుతాండాయి. గీజరు పాపం ఎంత కాగితే ఏమి?" జేబులోంచి బ్లేడు తీసి దారం తెంపాడు. రెండు కొళాయిలూ గట్టిగా తిప్పి మూసేశాడు.

నారాయణమ్మ తొట్టి గట్టు మీద కూలబడింది. ఆరు వారాలు ఆడబిడ్డను తిట్టింది. చన్నీళ్లు పోసింది తానే. గౌరి గుమ్మంలో నిలబడి వింటోంది. ఏమంటుందోనని నారాయణమ్మ తలెత్తలేకపోయింది.

"నా వేళ్లకోసం చేసి నా వీపు మీదికి తెచ్చినావు," అంది గౌరి. "పోనీలే. ముడి మాత్రం బాగా వేసినావు."

పన్నెండుంబావుకు గౌరి స్నానానికి వెళ్లింది. తలుపు కింద నుంచి ఆవిరి వచ్చింది. లోపల చెంబు చప్పుడు చాలాసేపు వినబడింది. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం ఎర్రగా ఉంది, వేళ్లు కొంచెం చాచుకుని ఉన్నాయి.

"ఇంక యాడికీ పోను వదినా. పోయి సంచి తీసుకొని రా."

నారాయణమ్మ కదల్లేదు. ఈ మాట కోసమే పొద్దున్నుంచి కాచుకుని ఉంది. ఇప్పుడు అది వచ్చి ఎదురుగా నిలబడితే ఆమె చూపు ఎదురింటి తిన్నె మీదికి పోయింది. సంచి గడప దాటింది. దాటిన సంచి మళ్లీ లోపలికి వస్తే అది ఎవరిదో వాళ్లకు కీడు. తొమ్మిదేళ్ల కిందట పుల్లయ్య సంచి కూడా ఇట్లాగే ఎదురింట్లో పెట్టారు. చుట్టాలు వచ్చారని ఆ పూట ప్రయాణం ఆపి, సంచి లోపలికి తెచ్చింది ఆమే. మూడో రోజు చీరలు ఇవ్వడానికి పెనుకొండ వెళ్లిన మనిషి అక్కడి బస్టాండులోనే కూలిపోయాడు.

"తేకూడదు గౌరీ," అంది.

"అన్నకు గుండెజబ్బు వదినా. సంచి జబ్బు కాదు."

"నాకు తెలీదు. తేను."

"సరే, దాన్ని ఆడనే ఉండనీ. నీ చీరలు కట్టుకుంటా. నీకేమన్నా కరువా?"

"మూడు రోజులు దాటి ఉంచితే అదీ దోషమే. నువ్వు పోయి రా. నాలుగు రోజులు ఉండి ఆదివారం వచ్చెయ్. నీళ్లు ఎట్లాగూ బాగైనాయి. నా కోసం పోయి రా తల్లీ."

గౌరి ఆమె ముఖం చూసి ఇక వాదించలేదు. ముప్పై ఏళ్లుగా ఆ భయాలతోనే కాపురం చేసింది. తడి తల మీద కొంగు కప్పుకుని వీధి దాటింది. బస్టాండు దాకా సంచి మారుతి బండి మీద వచ్చింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. "ఆదివారం," అంది గౌరి, కింద నిలబడ్డ వదినతో. "తొట్టి దగ్గర కొళాయిలకు మళ్లీ దారం కట్టొద్దు. నేను వచ్చినాక ఏదో ఒకటి చూద్దాం." బస్సు కదిలింది.

సాయంత్రం ఫోన్ చేసింది. ఎర్రమంచి దగ్గర షిఫ్టు వదిలే బండ్లతో రోడ్డంతా ఆగిపోయిందని, వీణ ఇంట్లో నీళ్లు బాగానే కాగుతున్నాయని చెప్పింది. ఆదివారం వీణ కదలనివ్వలేదు. తర్వాతి వారం దగ్గు. ఆ తర్వాత జ్వరం, ఆసుపత్రి. నారాయణమ్మ రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది. రెండుసార్లూ గౌరి ఒకే మాట అడిగింది, నీళ్లు కాగుతున్నాయా అని. కాగుతున్నాయని చెప్పింది. నిజంగానే కాగుతున్నాయి.

గౌరి తిరిగి రాలేదు. ఫిబ్రవరి పదకొండో తేదీ, బుధవారం తెల్లవారుజామున ఐదు గంటలకు హిందూపురంలో చనిపోయింది. శివరాత్రికి ఇంకా నాలుగు రోజులు ఉంది.