రంగు వేయని పువ్వు

పెళ్లయి నెల తిరక్కముందే నాకు రాతిపొడి మీద ఇష్టం పుట్టింది. మా ఆయన రాళ్ల మీద పేర్లు చెక్కుతారు. పనిలో ఉన్నప్పుడు కనురెప్పలు తెల్లబడిపోయి, అప్పుడే ముసలాడైపోయినట్టు కనిపిస్తారు. నేను ఉఫ్‌మని ఊది మళ్లీ కుర్రాణ్ణి చేస్తాను. డిగ్రీ చదివింది ఇందుకేనా అని మా అక్క ఫోన్లో ఆటపట్టించింది. ఇందుకే అన్నాను.

ఆ ఇంట్లో నవ్వేది మాత్రం నేనొక్కదాన్నే. మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, సైన్యంలోకి వెళ్లి కనిపించకుండా పోయారు. పోయారని ఎవరూ చెప్పలేదు, ఉన్నారనీ చెప్పలేదు. ఇన్నేళ్లలో అత్తయ్య ఒక్కసారి కూడా ఏడవలేదట. వండుతారు, వడ్డిస్తారు, మా ఆయన చెక్కిన అక్షరాల్లో సన్నటి కుంచెతో తెల్లరంగు నింపుతారు. ఏమడిగినా "ఊఁ" అంటారు.

ఊరి సైనికుల స్మారకం కోసం పెద్ద నల్లరాయి మా షెడ్డుకి వచ్చింది. సైన్యంలో పనిచేసిన ఊరివాళ్లందరి పేర్లూ దాని మీద చెక్కాలి. చనిపోయినవాళ్ల పేరు పక్కన చిన్న పువ్వు ఉండాలి. కమిటీ తరఫున బూట్ల తాతయ్య వచ్చి చూసిపోతుండేవారు. సైన్యం వదిలినా బూట్లు వదల్లేదని ఆయనకా పేరు.

"తొందరపడి నా పక్కన పువ్వు పెట్టేవురోయ్. మొన్ననే కొత్త బూట్లు కొన్నాను" అనేవారు మా ఆయనతో.

బావగారి పేరు పక్కన ఏం చేయాలని అత్తయ్యని అడిగింది కూడా తాతయ్యే. అత్తయ్య కుంచె కడిగి ఆరబెట్టారు. పేరు వేయమన్నారు, పువ్వు వద్దన్నారు. మా ఆయన సరేనన్నారు.

సైన్యంలో చేరిన ఏడాదిని బట్టి రాయి మీద వరసలు. బావగారితో కలిసి చేరిన స్నేహితులెవరూ తిరిగి రాలేదు, ఆ వరసలో అందరికీ పువ్వులే. మా ఆయనకో పద్ధతి ఉంది. ముందుగా ఒక వరసలో పేర్లన్నీ చెక్కేసి, తర్వాత చిన్న ఉలి తీసుకుని పువ్వులన్నీ ఒక్క ఊపులో కానిచ్చేస్తారు. మధ్యలో ఆగితే చెయ్యి కుదరదంటారు.

నేను టీ పట్టుకెళ్లేసరికి సుత్తి కింద పెట్టేసి రాయి వైపే చూస్తున్నారు. బావగారి పేరు పక్కన పువ్వు ఉంది. ఎంత బాగా వచ్చిందో, అన్ని రేకులూ సమంగా. గ్లాసు చేతికిచ్చాను. వేళ్లు మొద్దుబారిపోయాయని, వేడి కూడా తెలియడం లేదని చెప్పి పక్కన పెట్టేశారు.

అత్తయ్య రంగుడబ్బాతో వచ్చారు. ఆయన దాచలేదు.

"అమ్మా, చూసుకోకుండా కొట్టేశాను."

రాతిపొడి జిగురులో కలిపి పూడ్చేస్తానన్నారు. ఆరాక రుద్దితే ఎవరికీ తెలియదన్నారు. అత్తయ్య రాయి ముందు కూర్చున్నారు. ఒక్కో రేకునీ వేలితో తడిమి, లోపల మిగిలిన పొడిని గోటితో తీసేశారు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టుంది ఆ ముఖం.

"ఉండనీ. వాడొస్తే వాడితోనే పూడ్పిస్తాను."

కుంచె రంగులో ముంచి కొడుకు పేరు నింపారు. పువ్వు వదిలేసి పక్క పేరుకి వెళ్లి, దానికి పేరూ పువ్వూ రెండూ నింపారు.

స్మారకం ఆవిష్కరించిన రోజు ఊరంతా వచ్చింది. బూట్ల తాతయ్య తళతళలాడే బూట్లతో నిలబడి సెల్యూట్ చేశారు. అందరూ తమవాళ్ల పేర్లు వెతుక్కుని తడుముకున్నారు. బావగారి పువ్వు నల్లరాయిలో నల్లగా కలిసిపోయి, ఎవరి కంటా పడలేదు. మా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. వేళ్లు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయన్నారు. నేను వదల్లేదు.

జనం పలచబడ్డాక అత్తయ్య నా పక్కకి వచ్చారు.

"వానలకి రంగు పోతుందమ్మాయ్. ఏటా వచ్చి వేయాలి. నువ్వూ నేర్చుకో. ఆ పువ్వు జోలికి మాత్రం వెళ్లకు."

నేనా ఇంటికొచ్చాక అత్తయ్య నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఊఁ" అన్నాను.