బెనిఫిట్స్ ఫారంలో భార్య

రాగిణికి దవడ పన్ను వాచి నాలుగు రోజులైంది. ఒక పక్కనే నములుతూ ఎలాగో నెట్టుకొచ్చింది. కెనడాలోని ఒషావాకు వచ్చి ఏడు వారాలే అయింది. వచ్చీ రాగానే మూలుగుడు మొదలుపెట్టిందనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అయిదో రోజు పొద్దున భర్త గోపీకృష్ణే తన కంపెనీ బెనిఫిట్స్ కార్డు, అంటే వైద్యం ఖర్చుల బీమా కార్డు, తెచ్చి చేతిలో పెట్టాడు.

“డెంటిస్ట్ దగ్గర ఇది చూపించు చాలు. నీ పేరు యాడ్ చేయమని పోయిన వారమే మెయిల్ పెట్టా. చేసేసి ఉంటారు” అని, కారు భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీకి షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

మూడేళ్ళ ఇషితను చంకనేసుకుని రాగిణి క్లినిక్‌కు నడిచింది. కౌంటర్‌లో అమ్మాయి కార్డు నంబరు కొట్టి, స్క్రీన్ చూసి, ఆప్యాయంగా నవ్వింది.

“నిఖిల గారేనా? పోయినేడాది ఇక్కడే రూట్ కెనాల్ చేయించుకున్నారు కదా. మళ్ళీ ఆ పన్నేనా?”

“నేను నిఖిల కాదు. రాగిణి.”

“గోపీకృష్ణ గారి స్పౌజ్ నిఖిల అనే ఉందండీ. ఈ ప్లాన్‌లో ఇంకెవరూ లేరు.” అనేశాక, అనకూడనిదేదో అన్నానని ఆ అమ్మాయికి తోచినట్టుంది. నవ్వు ఆపేసి, కార్డును మెల్లగా ఇటు జరిపింది.

రాగిణి చదువు ఇంటర్ రెండో ఏడాది మధ్యలో ఆగిపోయింది. ఇంగ్లీషులో ఆమెకు తెలియని మాటలు వెయ్యి ఉంటాయి కానీ, స్పౌజ్ అంటే పెళ్ళామని మాత్రం బాగా తెలుసు. ఆ మాట తన పేరు పక్కన పడడానికి వీసా కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. ఇంటికెలా వచ్చిందో, పిల్లకు ఏం పెట్టిందో గుర్తు లేదు. పన్ను నొప్పి ఎటు పోయిందో కూడా తెలియలేదు.

సాయంత్రం ఆరింటికి గోపీకృష్ణ గుమ్మంలో బూట్ల తాళ్ళు విప్పుతుండగానే అడిగింది.

“నిఖిల ఎవరండీ?”

అతని చేతులు తాళ్ళమీదే ఆగిపోయాయి. “మేం అయిదుగురం అద్దెకున్నాం చూడు, ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేది. నీకు ఫోన్‌లో కూడా కలిపాను. వదినా అని మాట్లాడింది.”

“మాట్లాడింది. ఆవకాయలో నూనె ఎంత పొయ్యాలో అడిగింది. నా మొగుడికి పెళ్ళామని మాత్రం చెప్పలేదు.”

“అబ్బ, రాగిణీ, అది కాదు. అప్పటికి దాని కోర్స్ అయిపోయింది, కాలేజీ ఇన్సూరెన్స్ పోయింది. వేర్‌హౌస్‌లో చేరింది, వాళ్ళు బెనిఫిట్స్ ఇవ్వరు. చెంప బంతిలా వాచి ఏడుస్తోంది. పెళ్ళి కాకపోయినా ఏడాదిపాటు ఒకే ఇంట్లో కాపురమున్నవాళ్ళను కామన్-లా స్పౌజ్ అని రాసుకోవచ్చని మా ఫారంలో ఉంది. అడ్రస్ ఎలాగూ ఒకటే. నువ్వు ఇక్కడ లేవు, ఆ గడి ఖాళీగా ఉంది. రాసేశా. నాకు రాఖీ కట్టిన పిల్ల అది.”

 అతను వేరే కాపురం పెట్టానని చెప్పినా రాగిణికి ఏడవడానికి వీలుండేది. దీనికి ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

“చెల్లెలికి పన్ను నొప్పొస్తే పెళ్ళాం స్థానం రాసిస్తారా ఎవరైనా?”

“తీసేస్తాగా. ఇదిగో, కంపెనీ వాళ్ళు ఇవాళే ఫారం కూడా పంపారు.” ఫోన్ తీసి చూపించాడు. అంతకుముందున్న స్పౌజ్‌తో ఎప్పుడు విడిపోయారు, కొత్త స్పౌజ్‌తో పెళ్ళి ఎప్పుడు, పిల్లలుంటే పుట్టిన తేదీ ఏది. మూడూ రాయాలి. “నిఖిలతో మార్చిలో విడిపోయినట్టూ, ఏప్రిల్‌లో మన పెళ్ళయినట్టూ రాసేద్దాం. వాళ్ళేం సర్టిఫికెట్ అడగరు.”

“మరి ఇషిత?”

“ఇషితకేమైంది?”

“ఏప్రిల్‌లో పెళ్ళయితే, మూడేళ్ళ కిందట ఎవరికి పుట్టింది?”

“ఇక్కడ అలాంటివి ఎవరూ పట్టించుకోరే.”

రాగిణి అక్కడితో వదల్లేదు. “వచ్చే నెల PRకి, ఇక్కడే స్థిరంగా ఉండిపోవడానికి, అప్లై చేద్దామన్నారు. అక్కడ పెళ్ళి తేదీ ఏది రాస్తారు? ఒకే మనిషికి ఒక కాగితంలో ఒక భార్య, ఇంకో కాగితంలో ఇంకో భార్య. ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే దేశం నుంచి వెనక్కి పంపించేది మిమ్మల్నొక్కర్నేనా?”

“నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే PR మాటే ఉండదు.”  దిక్కుతోచక నిఖిలకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

“వదినా, సారీ” అంది నిఖిల. “విడిపోయామని నేను కూడా సైన్ చేస్తా. ప్రాబ్లం ఉండదు.”

“విడిపోవడానికి మీరు కలిసిందెప్పుడమ్మా?”

నిఖిల గొంతు తగ్గించింది. “నా PR ఫైల్‌లో సింగిల్ అని ఇచ్చా వదినా. విడిపోయామని సైన్ చేస్తే నాకే దెబ్బ కదా. ఇప్పటిదాకా తట్టలేదు.”

“అయితే నీకూ నిజమే దిక్కు” అని రాగిణి ఫోన్ పెట్టేసింది.

ఆ ఫోన్ వెంటనే భర్తకు ఇవ్వకుండా, అందులోనే ఫారం తెరిచింది. సోఫా అంచున కూర్చుని, వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, శ్రావణంలో తమ పెళ్ళి జరిగిన అసలు తేదీ కొట్టింది. ఇషిత పుట్టిన రోజు కొట్టింది. విడిపోయిన తేదీ అడిగినచోట ఆగి, తనకొచ్చిన ఇంగ్లీషులో, ఈమె భార్య కాదు, అద్దెకున్న అమ్మాయి, పన్ను వైద్యం కోసం తప్పు రాశాం అని పెట్టింది. తప్పొప్పులు అతన్ని దిద్దమనలేదు.

“పంపడం మాత్రం మీరే చెయ్యండి. నేను పంపితే, ఏం జరిగినా నావల్లేనంటారు.”

గోపీకృష్ణ ఫోన్ అందుకున్నాడు. ఇషిత వచ్చి అతని మోకాలు పట్టుకుని “నాన్నా, ఆకలి” అంది. పిల్ల తలమీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో పంపే బటన్ నొక్కాడు.

మర్నాడు తొమ్మిదింటికే హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. షిఫ్టుకు వెళ్ళొద్దు, నేరుగా ఆఫీసుకు రమ్మన్నారు. ఉద్యోగం సంగతేమిటని అడిగితే, వచ్చాక మాట్లాడదామన్నారు.

“నువ్వూ వస్తావా?” అన్నాడతను, చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకుంటూ.

రాగిణి ఆ గుండీ విప్పి సరిగ్గా పెట్టింది. పాస్‌పోర్టుల సంచిలోంచి పెళ్ళి సర్టిఫికెట్ తీసి, ఇషితకు కోటు తొడిగి, వాచిన దవడకు చున్నీ అదుముకుని, అతనికంటే ముందే మెట్లు దిగింది.