తుడవని పాలు

గౌలిపురలో కైలాసం సేటు హోటల్ తెరిచేవేళకు పాలు పొంగాల్సిందే. కాచే గంజు అంచు దాటి, పొయ్యి దిగి, షాబాద్ బండల మీదికి పారాల్సిందే. సేటు తల్లి నాగమణమ్మ మేడ దిగివచ్చి దీపం పెట్టేదాకా ఆ పాలను ఎవరూ తుడవకూడదు. తుడిస్తే లక్ష్మిని తుడిచేసినట్టట. పద్దెనిమిదేళ్లుగా అక్కడ పాలు కాచే బీరయ్య ఒక్కరోజు కూడా ఈ నియమం తప్పలేదు. అందులో ఆయనకు కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

తొమ్మిది రోజుల కిందట నాగమణమ్మకు మోకాళ్లు పట్టేసి దీపం ఆలస్యమైంది. పాలు బండ మీద అలాగే ఉండిపోయాయి. హోటల్లో పనిచేసే అమల సాంబారు బకెట్ మోసుకొస్తూ సరిగ్గా అక్కడే అడుగు వేసింది. మనిషొక పక్క, బకెట్ ఒక పక్క. సాంబారు పారి పాలను కప్పేసింది. మణికట్టు విరిగింది, కాలు బొబ్బలెక్కింది. చూసుకొని నడవద్దా అని అందరూ అన్నారు. అన్నవాళ్లలో బీరయ్య కూడా ఉన్నాడు. ఏం మనిషో చూడండి!

ఇవాళ అమల చేతికి సిమెంటు కట్టుతోనే పనికి వచ్చింది. ఒంటి చేత్తో ఏ పనైనా చేస్తానంటూ సేటు ముందు నిలబడింది.

"వద్దమ్మా," అన్నాడు కైలాసం గొంతు పెంచకుండా. "నీకు నడిచేటప్పుడు ధ్యాస ఉండదు. మొన్న చెయ్యి, రేపు తల. నాకెందుకు గీ ఫికర్? వేరే మనిషిని మాట్లాడిన."

ఆమె వాదించి ఉంటే బీరయ్యకు అంత కష్టంగా ఉండేది కాదు. తల దించుకుని, "సరే సేటు, తప్పు నాదే," అంది. పొయ్యి దగ్గర పాలు కలుపుతున్న బీరయ్య చెయ్యి ఆగిపోయింది. నోరు మూసుకుంటే ఆమె పని పోతుంది. తెరిస్తే తన పని పోవచ్చు, పైగా పెద్దామె నియమాన్ని తప్పుపట్టినట్టు అవుతుంది.

"సేటు, ఆమె తప్పు కాదు. పాల మీద జారింది. బండ మీద పాలున్నయి, నేను చూసిన. దీపం కాలేదని తుడువలే."

"మరి గా దినం చెప్పలేదేంది?"

"భయమైంది."

"పాలు కాచేటోళ్లు మస్తు మంది దొరుకుతరు బీరయ్యా," అన్నాడు కైలాసం మెల్లగా.

గోడ పట్టుకుని మెట్లు దిగుతున్న నాగమణమ్మ ఇదంతా వింది. చివరి మెట్టు మీద నిలబడి, "తుడువొద్దన్నది నేను. పంపిస్తే నన్ను పంపియ్యి," అంది. కైలాసం పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు.

ఆమె పొయ్యి దాకా నడిచి ఆనాటి పాలు పారిన బండను కాసేపు చూసింది. "గంజు కింద పెద్ద తాంబాళం పెట్టు బీరయ్యా. పాలు అండ్ల పొంగని. కింద చుక్క పడితే అప్పుడే తుడువు."

"దీపం కాకముందేనా అమ్మా?"

"కాకముందే. మనుషులు పడేటట్టుంటే గా లక్ష్మి ఎందుకు మనకు?" అని అమల వైపు తిరిగింది. "చెయ్యి అతికేదాకా కౌంటర్ కాడ కూసోని టోకెన్లు ఇయ్యి బిడ్డా."

బీరయ్య గుండె తేలికపడింది. గుడ్డ తెచ్చి ఇవాళ పొంగిన పాలను బండ మీద తడి లేకుండా తుడిచాడు. తర్వాత మంచి చాయ్ ఒకటి కలిపి అమల ముందు పెట్టాడు. ఆమె సంతోషపడుతుందనే అనుకున్నాడు పాపం.

అమల కప్పు ముట్టుకోలేదు. "దవఖానల నా పక్కనే కూసున్నవ్ కాకా. గప్పుడన్నా చెప్పకపోతివి. పాలు నేను చూడలే. మా ఇంట్ల అందరికి, నా పిల్లలకు గూడ, నాకు నడుచుడే రాదని చెప్పుకున్న. తొమ్మిది దినాలు మా అత్త తిట్టింది, నన్ను నేను తిట్టుకున్న."

బీరయ్యకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె పని నిలబెట్టానని ఇందాక పడ్డ సంతోషమంతా ఆవిరైపోయింది.

"సాయంత్రం మీ ఇంటికొస్త," అన్నాడు చివరికి. "నీ పిల్లల ముంగట నేనే చెప్త."

అమల ఒంటి చేత్తో టోకెన్ల డబ్బా దగ్గరికి లాక్కుంది.

"రా," అంది. "ముందుగాల మా అత్తకు చెప్పాలె."