బొబ్బిలి తరువాతి ఊరు

నేను ఒక సన్నని తీగను. రోగి ముక్కులోంచి లోతుగా వెళ్లి, మెదడుకు దాపున నిలిచి, అక్కడి వేడిని తెరమీద చూపడం నా పని. డిగ్రీలో పదోవంతు కూడా తప్పనని పరీక్షించి మరీ నన్ను విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రికి పంపారు. ఆనాటి గర్వమే నేటి నా సిగ్గు.

అప్పలస్వామి విజయనగరం బస్టాండులో ఏ బస్సు ఏయే ఊళ్ల మీదుగా వెళుతుందో మైకులో చెప్పేవాడు. అతని గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉబ్బి, చిట్లడానికి సిద్ధంగా ఉంది. దాన్ని మార్చాలంటే ఒంట్లో రక్తప్రసరణను కాసేపు ఆపాలి. అంతసేపూ మెదడు చెడకుండా ఉండాలంటే దాన్ని ముందుగా ఇరవై డిగ్రీలకు చల్లబరచాలి.

మత్తు డాక్టరు హైమవతిగారు అంకెలు లెక్కపెట్టమంటే అతను నవ్వాడు.

"అంకెలెందుకు తల్లీ, ఊర్లు సెప్తానుండు. గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి, సీతానగరం..."

పార్వతీపురం చేరకముందే నిద్రపోయాడు.

హైమవతిగారు నన్ను అమర్చి ప్లాస్టరు అంటించారు. అక్కడి అలవాటు ప్రకారం తల చుట్టూ ఐసు సంచులు పేర్చి గుడ్డ కప్పారు. ఆ గుడ్డ కింద ఒక సంచి జారి నన్ను లాగింది. ముక్కు కొసకు వచ్చి పడ్డాను. అప్పటినుంచి నేను కొలిచింది మెదడును కాదు, ఐసు చల్లబరచిన ముక్కు కొసను.

తెరమీద ఇరవై చూపాను.

"మేడమ్, మూత్రాశయంలో పెట్టిన తీగ ఇంకా ఇరవయ్యారంటోంది," అన్నాడు రక్తాన్ని చల్లబరుస్తూ నడిపే యంత్రం దగ్గరున్న ఫిలిప్ రత్నం.

"అదెప్పుడూ ఆలస్యంగానే దిగుతుంది కదయ్యా. దానికోసం కూర్చుంటే మనకి పెన్షనొచ్చేస్తుంది. ఆపెయ్."

కావలసిన అంకె కనబడ్డాక, ఎక్కడినుంచి వచ్చావని మనుషులు దాన్ని అడగరు. గుడ్డ ఎత్తి చూడడానికి అర నిమిషం చాలు. రక్తం ముప్పై ఒక్క నిమిషాలు ఆగింది.

చివరికి గుడ్డ తీసి నన్ను చూసింది హైమవతిగారే. మరెవరికీ వాడనివ్వక నన్ను కోటు జేబులో వేసుకున్నారు. మూడో రోజు ఆమె అప్పలస్వామి మంచం దగ్గరికి వెళ్లినప్పుడు ఆ జేబులోంచే విన్నాను.

"బొబ్బిలి తరవాతేటి మావా?" అంటోంది అతని భార్య పైడితల్లి.

"బొబ్బిలి... బొబ్బిలి..."

"అక్కడే బస్సాపేసినావేటి?" అని నవ్వబోయి, ఆగిపోయింది.

"తీగ జారిందమ్మా. నేను చూడలేదు. తప్పు నాది," అన్నారు హైమవతిగారు.



ఏటా కొత్త విద్యార్థుల చేతిలో నన్ను పెట్టి, "ఇది తప్పు చూపలేదు," అని ఆమె చెబుతారు. వాళ్ల అరచేతుల వేడిని నేటికీ పదోవంతు తేడా లేకుండా చూపుతాను. బొబ్బిలి తరువాతిది సీతానగరమని కూడా నాకు తెలుసు. చెప్పడానికి నా దగ్గర అంకెలు తప్ప మరేమీ లేవు.