మధ్యాహ్నం నిద్ర

కొత్తపేట రైతు బజార్ వెనక వీధిలో డాక్టర్ ఇంద్రాణి పిల్లల క్లినిక్ ఉంది. ఆ రోజు ఒంటిగంటకు ఆమె అన్నం డబ్బా మూత తీయబోతుంటే మౌనిక పరుగున వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తుందామె. మూడేళ్ల కొడుకు వినయ్ ఆమె భుజం మీద తడిగుడ్డలా వేలాడుతున్నాడు.

“బువ్వ తినిపిద్దామని క్రెచ్‌కు పోయిన మేడం. ఎంత లేపినా లేస్తలేడు. పిల్లలందరు గిట్లనే పంటరని ఆయమ్మ అంటున్నది.”

ఇంద్రాణి కంటిపాపలు చూసింది, ఊపిరి లెక్కపెట్టింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. పగలు పిల్లల్ని చూసుకునే ఎల్బీనగర్‌లోని ఆ క్రెచ్ నుంచి ఈ వారం మగతగా వచ్చినవాళ్లలో వీడు మూడోవాడు. మొదటి ఇద్దరినీ ఎండదెబ్బని చెప్పి పంపేసింది.

నర్సు స్వర్ణలత పిల్లాడి సంచి వెతికితే బట్టల మధ్య ఒక సీసా దొరికింది. జలుబు సిరప్. తాగితే నిద్ర ముంచుకొస్తుంది.

మౌనిక అక్కడికక్కడే క్రెచ్ నడిపే విజయదుర్గకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“ఆయా పొరపాటున మీ సంచిలో పెట్టేసినట్టుందమ్మా,” అంది విజయదుర్గ తాపీగా. “కంగారేం లేదు. ఇంద్రాణి డాక్టరు గారు రాసిన మందే. అన్నాలయ్యాక అందరికీ తలో మూత పోస్తాం. చక్కగా పడుకుంటారు.”

మౌనిక ఫోన్ పెట్టేసి డాక్టర్ వైపు చూసింది.

ఇంద్రాణికి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వానాకాలం విజయదుర్గ తన మనవడికి జలుబని ఫోన్ చేస్తే, పిల్లాణ్ణి చూడకుండానే తను వాట్సాప్‌లో మందుచీటీ పంపింది. ఎన్ని రోజులు వాడాలో కూడా రాయలేదు. ఆ చీటీతోనే ఇన్నాళ్లూ సీసాలు కొంటున్నారన్నమాట.

“మీకు ఎర్కేనా మేడం?” అంది మౌనిక.

“తెలీదమ్మా. కానీ తెలుసుకోవాల్సింది నేనే.”

అంబులెన్సును పిలిచి, వినయ్‌ను పెద్ద దవాఖానకు పంపడానికి కాగితాలు రాసింది. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయడానికి ఫోన్ తీసింది.

“గా చీటీ మీద మన క్లినిక్ పేరే ఉంది మేడం, జర ఆలోచించుండ్రి,” అంది స్వర్ణలత మెల్లగా.

“ఇరవై మంది పిల్లలు ఇప్పుడు అక్కడ అలాగే పడి ఉన్నారు, స్వర్ణా.”

ఇంద్రాణి నంబరు నొక్కింది. అవతలివాళ్లు అన్నీ అడిగి, చివరికి మందు రాసిందెవరన్నారు.

“నేనే,” అంది. తన పేరు, క్లినిక్ అడ్రసు చెప్పింది.

గంటలో అధికారులు, పోలీసులు క్రెచ్ తలుపు తట్టారు. పిల్లలందరినీ దవాఖానకు చేర్చారు. వినయ్ ఐదింటికి కళ్లు తెరిచి నీళ్లడిగాడు. విజయదుర్గ మీద కేసు పెట్టారు. ఇంద్రాణి తన తప్పుతో సహా వాంగ్మూలం రాసిచ్చింది.

వారం తర్వాత మౌనిక వినయ్ ఫైలు కోసం వచ్చింది. వేరే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతుందట. ఇంద్రాణి ఫైలు తీసి ఆమె చేతికిచ్చింది.