ఒడి విప్పిన బొంత

మా ఆడపడుచు నాగమణికి పెళ్ళి కుదిర్చింది నేనే. నలభై దాటిన మనిషికి ఇప్పుడు పెళ్ళేమిటని వీధివాళ్ళు మూతులు తిప్పితే వాళ్ళ మీద విరుచుకుపడిందీ నేనే. అది మద్దిలపాలెం కాపురానికి వెళ్ళిన మర్నాడు అలవాటు కొద్దీ రెండు గ్లాసుల టీ పెట్టి, రెండోది పారబోయలేక తాగేసి, కడుపులో మంటతో దాన్ని మధ్యాహ్నం దాకా తిట్టుకున్నదీ నేనే.

దువ్వాడ స్టేషన్ వెనకాల మాది ఒకటిన్నర గది. మా ఆయన గవర్రాజు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ జబ్బు చేసి పోయాడు. అప్పటినుంచి నేనూ, ఆయన చెల్లెలూ, ఒక కుట్టుమిషనూ. అది కత్తిరించేది, నేను కుట్టేదాన్ని. జాకెట్లు తప్ప వేరే పని ముట్టుకోలేదు.

జాకెట్ మెడ కత్తిరిస్తే అర్ధచంద్రం లాంటి ముక్క రాలుతుంది. చంక దగ్గర వంకర ముక్కలు రాలతాయి. ఎవరైనా ఊడ్చి పారేసేవే. నాగమణి ఊడ్వనిచ్చేది కాదు. వీటితో బొంత కుడదామంది. పాత చీరలు మడతేసి కుట్టే మామూలు బొంత కాదు, ఈ వంపు ముక్కల్నే ఒకదానికొకటి అతికి పైన పరిచే బొంత. ఫ్యాషన్ పుణ్యమా అని ఆడవాళ్ళ జాకెట్ల వెనక మెడలు ఏటికేడూ కిందికి దిగుతుంటే మా ముక్కలు పెద్దవవుతూ వచ్చాయి.

తిన్నని అంచులైతే ఎవరైనా అతుకుతారు. వంపులతోనే వస్తుంది చిక్కు. లోపలికి వంగిన ముక్కకీ, బయటికి ఉబ్బిన ముక్కకీ ఓ పట్టాన పొంతన కుదరదు. వంగినదాని అంచుకి సన్నగా గాట్లు పెట్టి ఒకరు విప్పార్చి పట్టుకుంటే, రెండోవాళ్ళు ఉబ్బినదాన్ని నెమ్మదిగా తిప్పుతూ చేత్తో కుట్టుకుపోవాలి. తొందరపడి లాగితే గుడ్డ ముడతలు పడి బొడిపెలా లేస్తుంది. అందుకని సాయంత్రాలు ఇద్దరం మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. వంగిన ముక్కని నాగమణి ‘ఒడి’ అనేది, ఉబ్బినదాన్ని ‘బిడ్డ’ అనేది. మా ఇద్దరికీ పిల్లల్లేరు. ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఒడి పట్టుకోవే అంటే పట్టుకునేది, అంతే.

దేవీప్రసాద్ పోర్టులో ఉద్యోగి, గోదావరి జిల్లా మనిషి. భార్య లేదు. కూతురు హరిచందన దువ్వాడలో కాలేజీకి వచ్చేది. దాని జాకెట్ల కోసమని వచ్చిన మనిషి, జాకెట్లన్నీ అయిపోయాక కూడా వస్తుంటే నాకు అర్థం కాదా? మా నాగమణిని చేసుకుంటారా అని నేనే అడిగేశాను. ఆయన తల దించుకున్నాడు. నాగమణి కత్తెర కింద పెట్టేసింది.

“నాను ఎల్లిపోతే బొంతెవరు పట్టుకుంతారు వొదినా?” అంది ఆ రోజు.

“బొంత కోసరం పెళ్ళి మానేత్తావేటే? ఎల్లు.”

“ఆదోరం ఆదోరం వత్తాను. నువ్వొక్కదానివే కుట్టీకు.”

మొదట్లో వచ్చింది. తర్వాత వారం విడిచి వారం. ఆ తర్వాత ఫోన్లు. నాకు ఒళ్ళు మండింది. దానికి తీరికైనప్పుడు కుట్టుకోవడానికి నేనేమైనా దాని పాలేరునా అనుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. ఎన్ని కుట్టినా బొడిపెలే. విప్పడం, మళ్ళీ కుట్టడం, మళ్ళీ విప్పడం. ఒకసారి మొత్తం బొంతని మూలకి విసిరేసి, నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. విసిరింది తెచ్చివ్వడానికి ఇంట్లో ఇంకెవరున్నారు?

చివరికి ఒక సాయంత్రం కాలు చాపి, ఒడి అంచుని కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బిగించి చూశాను. గుడ్డ నిలబడింది. సూది తిన్నగా నడిచింది. చేత్తో రాసి చూస్తే ఎక్కడా ముడత లేదు. నాగమణి పట్టినంత బాగా నా కాలే పట్టింది. గట్టిగా నవ్వాను. కాసేపటికి ఆ నవ్వు కాస్తా ఏడుపైపోయింది. ఇంక దాని అవసరం కూడా లేదన్నమాట.

మిగిలిన వరసలన్నీ అలాగే పూర్తి చేశాను. ఆఖరున నట్టనడుమ పెట్టింది నాగమణి పెళ్ళిజాకెట్ మెడ ముక్క. తన పెళ్ళిజాకెట్‌ని అదే కత్తిరించుకుంది. ఎర్రటి ముక్క, చక్కగా కూర్చుంది.

ఆ మర్నాడే ఫోన్ చేసింది.

“ఈ ఆదోరం తప్పకుండా వత్తాను వొదినా. బొంత ఎంతవరకొచ్చినాది? అయిపోనాదా?”

“ఎక్కడవుద్దే? నడుమ ముక్క ఉండిపోనాది. నీకోసరమే ఒగ్గీసాను.”

ఫోన్ పెట్టేసి, బ్లేడు తీసుకుని ఆ ఎర్రముక్క చుట్టూ ఉన్న కుట్లు ఒక్కొక్కటే కోసేశాను. నా జన్మలో అంత బాగా కుదిరిన కుట్టు లేదు. అయినా ఆపలేదు.

ఆదివారం దానికిష్టమని చేపలు తెచ్చి పులుసు పెట్టాను. చాప వేశాను. సూదిలో దారం ఎక్కించి బొంతకి గుచ్చి ఉంచాను. స్టేషన్‌లో బండి ఆగిన చప్పుడైనప్పుడల్లా, అది వచ్చేది బస్సులోనని తెలిసి కూడా, లేచి గుమ్మంలోకి వెళ్ళాను. పులుసు చల్లారాక ఫోన్ మోగింది.

“హరిచందనని సూడ్డానికి పెళ్ళోరొచ్చీసారు వొదినా, సెప్పా పెట్టకుండా. పిల్ల నన్నొగ్గట్లేదు. అమ్మా అమ్మా అంతంది.”

అది సంతోషంగా ఉంది. అలా ఉండాలనే కదా పంపించాను.

“ఇల్లన్నాక తప్పుద్దేటి? పిల్లని సూసుకో,” అన్నాను.

“వచ్చే ఆదోరం వత్తాను. తొందరపడి నువ్వే కుట్టీకు. ఒక్కదానివే అయితే నీకు రాదు కదేటి!”

నా కాలు చాప మీద చాపి ఉంది, ఎర్రముక్క పక్కనే. మెల్లగా ముడుచుకున్నాను.

“రాదే,” అన్నాను. “నువ్వు నేకుండా నాకేటొచ్చు?”